బ్రెయిలీ ప్రింటరు, మా బావగారి సాయం

ఒక వానాకాలమంతా నేనూ నా మేనకోడలూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పని చేస్తూ, ఆ పని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మా మధ్య గొడవేమీ లేదు. మాట్లాడుకోకపోవడమే మా పని. ఈ సంగతి మా బంధువులకు నచ్చచెప్పడానికి పట్టినంత శ్రమ అసలు పనికి పట్టలేదు.

నేను ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. కాలవలో నీరు ఎంత ఉంది, ఇంటికి ఎవరొచ్చారు, ఏ కూర వండారు, అన్నీ రాస్తాను. మా ఆవిడ లెక్కల టీచరు; నా తరవాత కొన్నాళ్ళకు తనూ రిటైరయింది. రాజమండ్రిలో మా ఇంటి పై వాటాలో మా చెల్లెలి కూతురు ఉంటుంది. ఇంట్లో కూర్చునే కంప్యూటరు ఉద్యోగం. అది అయ్యాక మిగిలిన సమయంలో జీతం లేని ప్రోగ్రాములు రాస్తుంది. లోకంలో ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, మార్చుకోవచ్చు. అలాంటి వాటిని ఓపెన్ సోర్స్ అంటారని తనే చెప్పింది.

పాలకొల్లు దగ్గర చర్చి వాళ్ళు నడిపే అంధుల హాస్టలు స్కూలు ఒకటుంది. అక్కడ తెలుగు చెప్పే టీచరు గారు మా ఆవిడకు పాత పరిచయం. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ స్కూలుకు ఎవరో దాతలు ఎప్పుడో ఒక బ్రెయిలీ ప్రింటరు ఇచ్చారు. అది సిరాతో అచ్చు వేసేది కాదు. దళసరి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది. పిల్లలు ఆ చుక్కలను వేళ్ళతో తడిమి చదువుతారు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఆ మోడలు ఆపేసింది. కంప్యూటరుకూ ప్రింటరుకూ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రామును డ్రైవరంటారు. కంపెనీ ఇచ్చిన డ్రైవరు ఒక ముసలి కంప్యూటరులో తప్ప పనిచేయదు. ఆ ముసలి కంప్యూటరులో తెలుగును సరిగా బ్రెయిలీలోకి మార్చే కొత్త ప్రోగ్రాము ఎక్కదు. దాంతో ప్రింటరు గోనెపట్టా కప్పుకుని మూలన కూర్చుంది. పదో తరగతి పిల్లలు పాఠాలు ఎవరైనా చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకుంటున్నారు.

"వినడం చదవడం కాదండి," అంది టీచరు గారు ఫోనులో మా ఆవిడతో. "పద్యంలో ఒక మాట దగ్గర ఆగి వెనక్కి వెళ్ళాలంటే వాళ్ళకి దారేది? పబ్లిక్ పరీక్షల లోపు వాళ్ళ చేతికి పుస్తకం ఇవ్వాలి. అదీ నా బాధ."

మా మేనకోడలు కొత్త డ్రైవరు రాస్తానంది. ప్రింటరూ, ముసలి కంప్యూటరూ ట్రక్కు ఆటోలో మా ఇంటికి వచ్చాయి. అప్పుడు మొదలయ్యాయి నిబంధనలు.

కంపెనీ ప్రోగ్రాము కంపెనీ సొత్తు. దాన్ని చూసి రాస్తే, మాటలు మార్చి రాసినా, అది కాపీ అంటారు. అలాంటిది పదిమందికీ పంచే చోట పెడితే ఏదో ఒక రోజు కంపెనీ వకీలు కాగితం పంపిస్తాడు, పెట్టినదంతా తీసేయాల్సి వస్తుంది. కానీ ప్రింటరుకు ఏం చెబితే ఏం చేస్తుందన్నది ఎవరి సొత్తూ కాదు. దాన్ని బయటి నుంచి గమనించి తెలుసుకోవచ్చు. అందుకని ఒకరు గమనించి రాయాలి, ఆ రాత మాత్రమే చూసి ఇంకొకరు ప్రోగ్రాము కట్టాలి. కట్టేవాళ్ళు కంపెనీ ప్రోగ్రాము జోలికే వెళ్ళకూడదు.

ఇది నాకు వెంటనే అర్థమైంది. కాలవ లాకు గేటును టేపుతో కొలిచి నేను గీసిన బొమ్మ నాది. వేరొకడు గీసిన బ్లూప్రింటు మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీస్తే నాది కాదు. గేటు ఒకటే, బొమ్మలు రెండు. మా ఆఫీసులో ఈ తేడా తెలియని అసిస్టెంట్లు కొందరుండేవారు. వాళ్ళ ట్రేసింగులలో పాత తప్పులు కూడా అచ్చు అలాగే దిగేవి.

"అదేం చేస్తోందో రాయండి మావయ్యా," అంది అమ్మాయి. "ప్రోగ్రాములో ఎలా రాశారో మీకు తెలియక్కర్లేదు, నాకు తెలియనే కూడదు. ఏదైనా అడగాలంటే కాగితం మీద అడుగుతాను. మీరూ కాగితం మీదే చెప్పండి. రేపు ఎవరైనా అడిగితే మన మధ్య నడిచింది ఇంతే అని చూపించాలి."

మెట్ల మధ్యలో ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టాం. నేను కింద గదిలో ముసలి కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో చుక్కా అచ్చు వేయిస్తాను. వైరులో ఏ అంకెలు వెళుతున్నాయో చూపించే ఇంకో ప్రోగ్రాము తెర మీద ఉంటుంది. ఆ అంకెలు రాసుకుంటాను, తేదీ వేసి ట్రేలో పెడతాను. అమ్మాయి దిగి వచ్చి తీసుకుంటుంది. భోజనాల దగ్గర వాన గురించి, ఉల్లిపాయల గురించి మాట్లాడుకునేవాళ్ళం. నోటి చివరి దాకా వచ్చిన అంకెను మజ్జిగతో మింగేవాణ్ణి. మనవైపు ఇళ్ళలో ఏ సంగతైనా వరండాలో మొదలై వంటింట్లో ముగిసేదాకా అందరి నోళ్ళలోనూ నానాలి. అలాంటి ఇంట్లో ఇది ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

ఇది మా పనిమనిషి కంట పడింది. మామా కోడళ్ళు చీటీలు పంపుకుంటున్నారని పక్కింట్లో చెప్పింది. పక్కింటి వాళ్ళు ఎవరికి చెప్పారో తెలియదు. వారం తిరక్కుండా ఆత్రేయపురం నుంచి మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, పూతరేకుల పెట్టెతో దిగారు. పంచాయతీ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. బంధువుల్లో ఎక్కడ తగువు ఉందని తెలిసినా తీర్చేదాకా ఆయనకు నిద్ర పట్టదు.

"ఏంటి బావా ఇది? మేనకోడలితో మాటలు మానేసి చీటీలేంటి? చిన్నపిల్ల ఏదో అంటే పెద్దాడివి నువ్వు సర్దుకోవాలి గానీ," అన్నారు చెప్పులు విడుస్తూనే.

తగువు లేదని చెప్పాను. నమ్మలేదు. మా ఆవిడ చెప్పింది. పరువు కోసం దాస్తున్నారనుకున్నారు. అమ్మాయిని కిందికి పిలిచి నాకు పూతరేకు ఇప్పించారు, నా చేత అమ్మాయికి ఇప్పించారు. ఇద్దరం తిన్నాం. అప్పుడు అసలు విషయం మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అంతా విని ఆయన తగువున్నదే నయమన్నట్టు చూశారు.

"అంటే, కంపెనీ వాడి దగ్గర రాసి ఉన్నదాన్నే మీరు మళ్ళీ తెలుసుకుంటున్నారా?"

అవునన్నాను.

"వాణ్ణి అడిగితే పోలేదా?"

అడిగామని, ఎన్ని మెయిళ్ళు పెట్టినా జవాబు రాలేదని అమ్మాయి చెప్పింది. ఆయన తలాడించి ఊరికి వెళ్ళిపోయారు. ఆ తలాడింపుకు అర్థమేమిటో అప్పుడు నాకు తెలియలేదు.

పని బాగానే సాగింది. ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె. పేజీ మార్చడానికి ఒకటి, గంట కొట్టడానికి ఒకటి. ఒక్కచోట మాత్రం ఇరుక్కుపోయాం. ప్రతి వరస చివరా ఒక అదనపు అంకె వెళుతోంది. అది వరసలో ఉన్న అక్షరాలను బట్టి మారుతోంది. అది తప్పితే ప్రింటరు ఒక్క చుక్క కూడా పొడవదు, ఎర్రలైటు వేసుకుని కూర్చుంటుంది. వరస సరిగా చేరిందో లేదో చూసుకోవడానికి పెట్టుకున్న సరిచూపు అంకె అన్నమాట. దాన్ని ఎలా లెక్కగడుతున్నారో పట్టుకోవాలి. ఆ చిక్కు నాకు చాలా నచ్చింది. పొద్దున్నే కాఫీ తాగుతూ అంకెలు ముందు పరుచుకునేవాణ్ణి. కూడి చూశాను, తీసేసి చూశాను. దగ్గరకు వచ్చాననిపించేది. ఇంకో నాలుగు రోజులు వదిలేసి ఉంటే పట్టుకునేవాణ్ణేమో.

బావగారు మళ్ళీ వచ్చారు. ఈసారి చంకలో ఒక పుస్తకం. రావులపాలెంలో ప్రింట్లు తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించి, శుభమా అని నాలుగు మూలలా పసుపు రాయించారు. అదేమిటో చెప్పలేదు. భోజనానికి కూర్చున్నాం. కంద బచ్చలి కూర. నేనూ అమ్మాయీ ఆయన ఎదురుగా ఉన్నాం, మా ఆవిడ పెరట్లో కరివేపాకు కోస్తోంది. ఆయన ఎడంచేత్తో పుస్తకం తెరిచి, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి, ఉగాది నాడు పంచాంగం చదివినట్టు ఒక వాక్యం చదివారు. వరస చివరి అంకెను ఎలా లెక్కగట్టాలో కంపెనీ ప్రోగ్రాము రాసినవాడు తన గుర్తు కోసం పక్కన రాసుకున్న ఇంగ్లీషు వాక్యం. ఒక్కటే. చాలా తేలికైన వాక్యం.

ఆ కంపెనీలో ఒకప్పుడు పనిచేసిన కుర్రాడు ఆయన ఊరి కోడలి తమ్ముడట. పాపం, పెద్దాయన అడిగారని పాత లాప్‌టాప్ వెతికి మరీ ఆ ప్రోగ్రామంతా ఇచ్చాడట.

అమ్మాయి కంచంలో చెయ్యి కడిగేసింది.

"అదేంటమ్మా, అన్నం మధ్యలో?" అన్నారాయన.

"మీరు చదివింది నేను విన్నాను పెదనాన్నగారూ. ఇంక ఆ ముక్క నేను రాయకూడదు."

"విన్నావని ఎవడికి తెలుస్తుంది? నేను చెప్పను, మీ మావయ్య చెప్పడు."

"నాకు తెలుసు కదండి. కంపెనీది చూడలేదు, వినలేదు అని డ్రైవరుతో పాటు సంతకం పెట్టివ్వాలి. ఎలా పెడతాను?"

ఆయన పుస్తకం మూసి నావైపు చూశారు. "నేను చేసింది సాయమా, అపకారమా బావా?" అని అడిగారు. నేను ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. బదులు చెప్పి ఉంటే ఇంకో పంచాయతీ అయ్యేది.

నా సంగతి ఇంకా దారుణం. ఎన్నో పొద్దుల కాఫీలతో నేను వెతుకుతున్నది ఒక్క గుక్కలో చెవిలో పోసేశారు. తెలిసిపోయింది, కానీ అది నేను తెలుసుకున్నది కాదు. కాబట్టి రాయకూడదు. డైరీలో అయినా రాసుకుంటానంటే అమ్మాయి అదీ వద్దంది. ఎందుకంటే నా డైరీ మా ఆవిడ చదువుతుంది. పెళ్ళయినప్పటి నుంచి చదువుతోంది. అక్కడక్కడ తప్పులు దిద్దుతుంది కూడా. అంతకాలం డైరీ రాసినవాణ్ణి, ఆ రోజు జరిగిన ముఖ్యమైన సంగతి వదిలేసి కంద బచ్చలి కూర అని రాసి మూసేశాను.

బావగారు అక్కడితో ఆగలేదు. మేమిద్దరం పనికిరాకపోతే కుటుంబంలో ఇంకెవరైనా పూనుకుంటారని ఆ పేజీని ఫొటో తీసి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంజినీరింగు చదివిన పిల్లలందరూ చూశారు. ఇద్దరు బొటనవేళ్ళు పెట్టారు. ఒకరు దండం పెట్టారు. దాంతో మా వంశంలో ఆ ముక్క ముట్టుకోదగ్గవాళ్ళు లేకుండా పోయారు.

అమ్మాయి జరిగింది జరిగినట్టు ఆ డ్రైవరును అందరికీ అందే చోట పెట్టే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పెద్దలకు మెయిలు రాసింది. వాళ్ళు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు, మొహాలు తెలియవు. చెప్పినందుకు సంతోషమన్నారు. మిగతా భాగమంతా అమ్మాయిదే ఉంచవచ్చన్నారు. సరిచూపు అంకె ఒక్కటి మాత్రం కొత్తవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి గమనించి రాయాలని, ఆ రాత చూసి తమలో ఒకరు ఆ ముక్క కడతారని చెప్పారు.

ఈ మాట టీచరు గారికి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ పాలకొల్లు నుంచి బస్సెక్కి వచ్చింది. మా ఆవిడ బస్టాండుకు వెళ్ళి తీసుకొచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"సమాధానం ఇంట్లోనే ఉందంట కదా సార్. మా పిల్లలకి ఎందుకు లేదో చెప్పండి."

నేను ట్రేసింగు కాగితం సంగతి మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మీకు మర్యాద. హాఫ్ ఇయర్లీ దగ్గరకొచ్చేసింది. పాలకొల్లులో మా హాస్టలు గదిలోకి వచ్చి ఎవరు చూస్తారు ఇది కాపీయా కాదా అని?"

అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుంది. "మీ ఒక్క గదికే అయితే ఎవరూ చూడరండి. రేపటికల్లా ఇచ్చేస్తాను. కానీ అప్పుడది మీ గది దాటకూడదు, దాచి వాడుకోవాలి. మీ కంప్యూటరు మారితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇదే ప్రింటరు మూలన పడేసిన స్కూళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళకి చేరాలంటే శుభ్రంగా ఉండాలి. మీరు ఇప్పుడే కావాలంటే ఇస్తాను. మీరే చెప్పండి."

టీచరు గారు ఒళ్ళో ఉన్న సంచి తాడు వేలికి చుట్టుకుంటూ ఉంది. ఆవిడ ఇచ్చేయమంటుందనే నేను అనుకున్నాను. అన్నా తప్పు పట్టేవాణ్ణి కాదు.

"కొత్తగా గమనించడానికి మనిషి కావాలన్నారు కదా," అంది చివరికి. "ఆ పుస్తకం నా ముందు తెరిచి పెట్టినా నేను చూడలేను. నాకంటే శుభ్రమైన మనిషి మీకెక్కడ దొరుకుతుంది? చుక్కలు సరిగా పడ్డాయో లేదో మీ అందరికంటే నేనే బాగా చెబుతాను. తెర మీద అంకెలు చదవడానికి ఇంకొకరిని ఇవ్వండి."

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. బావగారు ఆ వాక్యం చదివినప్పుడు మా ఆవిడ పెరట్లో ఉంది, ఏమీ వినలేదు. ఇక వాట్సాపంటారా, రోజూ తెల్లవారేసరికి వచ్చి పడే గులాబీ పువ్వుల శుభోదయాలు భరించలేక ఆ గ్రూపు నుంచి ఎప్పుడో బయటికి వచ్చేసింది. దానికి బావగారు అలిగి కొన్నాళ్ళు మాట్లాడలేదు కూడా. ఇప్పుడు కుటుంబం మొత్తంలో ఆ పేజీ కంటపడని మనిషి ఆమె ఒక్కతే.

టీచరు గారు స్కూలుకు సెలవు పెట్టలేక శనివారాలు, ఆదివారాలు చర్చి అయ్యాక వచ్చేది. ఇద్దరూ కింద గదిలో కూర్చునేవారు. మా ఆవిడ ఒక వరసలో ఒకే ఒక్క చుక్క వేయించి అంకె రాసుకునేది. తరవాత అదే చుక్కను పక్కకు జరిపి మళ్ళీ. ప్రింటరు దడదడమని వీధి చివరకు వినిపించేలా కొట్టేది. టీచరు గారు కాగితం తడిమి, పడింది, పడలేదు అని చెప్పేది. నేను వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. తలుపు తెరిచే ఉండేది. మా ఆవిడ తీసివేతల దారి పట్టిందని ఒక రోజు మాటల్లో తెలిసింది. అది దారి కాదు. నాకు తెలుసు. నేను పేపరు మడిచాను, మళ్ళీ విప్పాను.

"మీరు లేచి ఎటైనా వెళ్ళండి," అంది మా ఆవిడ లోపలి నుంచి.

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. నేను తప్పు చేసినప్పుడల్లా మీ పేపరు చప్పుడు చేస్తోంది. నాకది సాయం చేసినట్టవుతుంది. వెళ్ళండి."

టీచరు గారు నవ్వింది. "నాకూ వినిపిస్తోంది సార్," అంది.

అప్పటి నుంచి శని, ఆదివారాలు నేను ఇంటి నుంచి బహిష్కృతుణ్ణి. పుష్కరఘాటు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఎర్రనీరు కాస్తా తేరి తెల్లబడింది. తెలిసిన మాట కడుపులో పెట్టుకుని గోదావరిని చూడటం ఏ మాత్రం హాయి కాదు. బావగారు ఫోను చేసి తేలిందా అని అడిగేవారు. లేదంటే, ఆ పేజీ మళ్ళీ పంపమంటావా అనేవారు. ఆయనకు విసుగు లేదు, కోపం లేదు. నిజంగానే పంపుతారు. అది తలుచుకుంటే నా విసుగు ఇంకా పెరిగేది.

ఈలోగా హాఫ్ ఇయర్లీ వచ్చి వెళ్ళిపోయింది. పిల్లలు ఎప్పటిలాగే విన్నదాన్ని గుర్తుపెట్టుకుని పరీక్ష రాశారు. టీచరు గారు ఆ సంగతి మాకు చెప్పి, తడమడానికి తరవాతి కాగితం అందుకుంది. ఆ రాత్రి అమ్మాయి అన్నం సరిగా తినలేదు. ఇచ్చేసి ఉండాల్సిందా మావయ్యా అని అడిగింది. నేను మజ్జిగ గిన్నె తన వైపు జరిపాను. ఇవ్వాల్సిందో కాదో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు.

ఒక ఆదివారం నేను ఘాటు నుంచి వచ్చేసరికి ప్రింటరు ఆగకుండా కొడుతోంది. మా ఆవిడ వేలితో లెక్క చూపిస్తూ ఒక్కో వరసకూ ముందుగానే చివరి అంకె చెబుతోంది, తెర మీద అదే వస్తోంది. పట్టుకుంది. ఎలా పట్టుకున్నదీ తన సొంత మాటల్లో, అటూ ఇటూ వేసిన తప్పటడుగులతో సహా రాసి అమ్మాయికి కాదు, నేరుగా ఆ సముద్రాల అవతలి మనిషికి పంపించింది. అతను ప్రశ్నలు అడిగాడు, ఈమె జవాబులు రాసింది. కొన్నాళ్ళకు డ్రైవరు పూర్తయి, అందరికీ అందే చోట చేరింది.

మళ్ళీ ట్రక్కు ఆటో మాట్లాడి ప్రింటరును పాలకొల్లు దారి పట్టించాం. వెనక బస్సులో మేం ముగ్గురం. పబ్లిక్ పరీక్షలకు ఇంకా కొంత వ్యవధి ఉంది. మొత్తం పుస్తకాలకు చాలదు, తెలుగుకు చాలుతుంది. కొత్త కంప్యూటరుకు తగిలించి అమ్మాయి బటను నొక్కింది. కాగితం కదిలింది. స్కూలు గదిలో ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

ఇంక రహస్యమేమీ లేదు కదా అని నేను టీచరు గారి దగ్గరకు వెళ్ళి, ఆ చివరి అంకె లెక్క నాకు మొదటి నుంచీ ఎంత దగ్గరగా వచ్చిందో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ అప్పుడే వచ్చిన పేజీ మీద వేళ్ళు నడుపుతోంది. మూడో వరస దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చింది.

"ఇక్కడ ఒత్తు తప్పు పడింది సార్. అది ప్రింటరు తప్పు కాదు, టైపు చేసినవాళ్ళది. అమ్మాయి గారిని పిలవండి, దిద్దించి మళ్ళీ తీద్దాం," అంది. "మీ లెక్క తరవాత వింటాను, ఏమీ అనుకోకండి. పిల్లలు బయట నిలబడి ఉన్నారు."

నేను వెళ్ళి అమ్మాయిని పిలిచాను.